గోడ ఎక్కే నీరు

గృహ రుణం కోసం పాత ఇల్లు చూడటానికి వెళ్తే నేను ముందు చూసేది గోడల అడుగు భాగం. అక్కడ రెండు మూడు అడుగుల ఎత్తు దాకా చెమ్మ, తెల్లటి ఉప్పు పొర ఉంటే కొత్త రంగును నమ్మను.

నీరు పల్లమెరుగు అంటాం. మరి గోడ ఎలా ఎక్కుతుంది? ఇటుక నీటికి తడుస్తుంది, అంటే నీటిని తనవైపు లాక్కుంటుంది. ఇటుకలోని సన్నటి రంధ్రాల్లో ఆ లాగుడే నీటిని పైకి ఎక్కిస్తుంది. దీన్నే కేశనాళికీయత అంటారు. దారి ఎంత సన్నమైతే నీరు అంత పైకి వెళ్తుంది. 1 మిల్లీమీటరు వ్యాసమున్న గాజు గొట్టంలో సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కితే, 0.1 మిల్లీమీటరు గొట్టంలో 30 సెంటీమీటర్లు ఎక్కుతుంది. గాజును తడపని పాదరసం మాత్రం అదే గొట్టంలో కిందికి దిగుతుంది.

కాబట్టి మార్గాలు రెండే. కొత్త ఇంటికైతే పునాది మీద, గోడ మొదలయ్యేచోట నీరు చొరబడని డి.పి.సి. పొర వేసి దారి మూయాలి. పాత గోడకైతే అడుగున రంధ్రాలు చేసి సిలికాన్ రసాయనం ఎక్కిస్తారు. అప్పుడు ఇటుకకు తడిసే గుణం తగ్గుతుంది. రంగు ఈ రెండు పనులూ చేయదు. పైగా గోడ ఆరకుండా చేసి, చెమ్మను ఇంకా పైకి పంపగలదు.

ఇల్లు కొనే ఖాతాదారులకు నేను చెప్పేది ఇదే: బేరం కుదుర్చుకునే ముందు డి.పి.సి. ఉందా అని అడగండి. రుణం ఇరవై ఏళ్లు కడతాం. గోడ కూడా అన్నాళ్లు నిలవాలి కదా!