ఊపిరితిత్తులు బానే ఉన్నా ఊపిరి ఎందుకు అందదు?

ఫోన్‌లో ఏదో చూస్తుంటే మధ్యలో ఫండ్‌రైజింగ్ యాడ్ వస్తుంది కదా, "16 కోట్ల ఇంజెక్షన్ కావాలి" అని ఒక చిన్న పాప ఫొటోతో. ఆ జబ్బు పేరు స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ, షార్ట్‌గా ఎస్‌ఎంఎ. ఆ ఇంజెక్షన్ మీద ఇప్పటికే బోలెడు వీడియోలు ఉన్నాయి కాబట్టి నేను ఇవాళ దాని జోలికి వెళ్లట్లేదు. ఇంజెక్షన్ దొరికినా దొరక్కపోయినా, ఇలాంటి పిల్లలు ఒక మామూలు జలుబు నుంచి బయటపడాలంటే ఏం కావాలి? ఇదీ ఈరోజు టాపిక్. మనకి మూడు రోజుల్లో తగ్గే జలుబు వీళ్లకి న్యుమోనియాగా మారి ఐసీయూ దాకా తీసుకెళ్లగలదు.

నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నాళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ని. కానీ మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, వాళ్ల బాబుకి ఎస్‌ఎంఎ టైప్ 2. వాడికి ఆరేళ్లు. వాళ్లింట్లో మంచం పక్కన రెండు మెషీన్లు ఉంటాయి. ఏది ఏం చేస్తుందో అర్థం చేసుకుందామని డాక్టర్ల గైడ్‌లైన్స్ చదవడం మొదలుపెట్టా.

ముందు ఒక మాట చూడండి. ఊపిరితిత్తి. ఇందులో తిత్తి అంటే కొలిమి దగ్గర గాలి కొట్టే తోలు తిత్తి. తిత్తి దానంతట అది గాలి ఊదదు, ఎవరో ఒకరు ఆడించాలి. మన ఒంట్లో ఆ పని చేసేవి కండరాలు. కింద డయాఫ్రమ్, చుట్టూ పక్కటెముకల మధ్య ఉండే కండరాలు. ఎస్‌ఎంఎలో వెన్నుపాములో ఉండి కండరాలకి ఆర్డర్లు పంపే నరాల కణాలు చచ్చిపోతూ వస్తాయి. పక్కటెముకల కండరాలు బాగా బలహీనపడతాయి, డయాఫ్రమ్ కాస్త నయం. అందుకే ఈ పిల్లలు ఊపిరి పీలిస్తే పొట్ట పైకి లేస్తుంది, ఛాతీ మాత్రం లోపలికి పోతుంది. తిత్తి బానే ఉంది, ఆడించే చెయ్యి నీరసపడింది.

రాత్రి ఇంకా కష్టం. కలలొచ్చే నిద్రలో మనందరికీ మిగతా కండరాలు దాదాపు పని ఆపేస్తాయి, భారమంతా డయాఫ్రమ్ మీదే పడుతుంది. మనకి అది లెక్కలోకి రాదు, వీళ్లకి వస్తుంది. గాలి సరిగ్గా ఆడక లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి, రాత్రి చెమటలు, పదేపదే మెలకువ రావడం, పగలంతా మగత... ఇవన్నీ దాని గుర్తులు కావచ్చు. దీనికి వాడేదే బైపాప్. కోవిడ్ టైంలో ఈ పేరు వినే ఉంటారు. మాస్క్ ద్వారా, పీల్చేటప్పుడు ఎక్కువ ప్రెషర్‌తో గాలి తోస్తుంది, వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గిస్తుంది. ఆ తేడా వల్లే నీరసంగా ఉన్న కండరాలకి సాయం అందుతుంది.

రెండో మెషీన్ నాకు ఇంకా ఇంట్రెస్టింగ్. అది దగ్గే మెషీన్, కాఫ్ అసిస్ట్ అంటారు. దగ్గు అంటే మనకి చిరాకు, సిరప్ తాగి ఆపేస్తాం. నిజానికి దగ్గు ఊపిరితిత్తుల్ని ఊడ్చే చీపురు. గట్టిగా గాలి పీల్చాలి, గొంతు మూసి లోపల ప్రెషర్ పెంచాలి, ఒక్కసారిగా వదలాలి. మూడింటికీ బలం కావాలి. 12 ఏళ్లు దాటినవాళ్లలో దగ్గు గాలి వేగం నిమిషానికి 270 లీటర్ల కంటే తగ్గితే, జలుబు చేసినప్పుడు అది ఇంకా పడిపోయి కఫం బయటికి రాదని డాక్టర్లు లెక్కేస్తారు. చిన్నపిల్లల్లో దీన్ని కొలవడం కష్టం, దగ్గు చప్పుడు విని అంచనా వేయాలి. కఫం అలాగే ఉండిపోతే ఏదో ఒక గొట్టంలో బిరడాలా ఇరుక్కుంటుంది. దాని వెనక ఉన్న ఊపిరితిత్తి ముక్క గాలి లేక ముడుచుకుపోతుంది, అక్కడ బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. అదే న్యుమోనియా.

కాఫ్ అసిస్ట్ మాస్క్ పెట్టి గాలిని లోపలికి తోసి, వెంటనే అంతే గట్టిగా వెనక్కి లాగుతుంది. చాలామందికి 40 సెంటీమీటర్ల నీటి ప్రెషర్ దాకా పెడతారు. సెట్టింగ్ డాక్టరే చెప్పాలి, మనం తిప్పకూడదు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ, బాబు దాని తర్వాత హాయిగా పడుకుంటాడు. చాలా ఇళ్లల్లో నెబ్యులైజర్ పెట్టేసి పనైపోయింది అనుకుంటారు. కఫం పల్చబడినంత మాత్రాన దానంతట అది నడిచి బయటికి రాదు కదా.

ఇక అసలు పాయింట్. వేలికి పెట్టే ఆక్సిమీటర్.

పోయిన వర్షాకాలం బాబుకి జలుబు చేసి, ఆక్సిమీటర్ 90కి పడిపోయింది. కాఫ్ అసిస్ట్ పెట్టినా పెద్దగా పెరగలేదు. రాత్రి పూట దగ్గర్లోని ఒక హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. క్యాజువాలిటీలో ఆక్సిజన్ పెట్టారు, రీడింగ్ 97కి వచ్చింది. "ఇంకేం భయం లేదమ్మా" అన్నారు. వాడేమో మగతగా ఉన్నాడు, పిలిస్తే పలకట్లేదు. అక్క పట్టుబట్టింది. "సార్, వాడికి ఆక్సిజన్ ఒక్కటే చాలదు, బైపాప్ కావాలి, ఒకసారి బ్లడ్ గ్యాస్ చూడండి." చూస్తే కార్బన్ డయాక్సైడ్ 68. ఉండాల్సింది 35 నుంచి 45 మధ్య.

97 ఉంది కదా, మరి ఇదేంటి? నా పాత ఉద్యోగం భాషలో చెప్తా. డ్యాష్‌బోర్డ్‌లో ఒక్క లైట్ గ్రీన్ ఉందని సర్వర్ బాగుంది అనలేం, ఆ లైట్ దేన్ని కొలుస్తుందో చూడాలి. ఆక్సిమీటర్ కొలిచేది ఆక్సిజన్‌ని మాత్రమే. లోపలికి పంపే గాలిలో ఆక్సిజన్ పెంచితే, ఊపిరి కొంచెమే ఆడినా నంబర్ పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలంటే మాత్రం గాలి నిజంగా ఆడాలి. అంటే ఆక్సిజన్ నంబర్‌ని సరిచేసి సమస్యని దాచేయగలదు. ఆక్సిజన్ వద్దని చెప్పట్లేదు, రీడింగ్ పడిపోతే ఇవ్వాల్సిందే. దాంతోపాటు ఊపిరి ఆడించే సాయం, బ్లడ్ గ్యాస్ టెస్ట్ కూడా ఉండాలి.

ఇది కొత్త సంగతి కాదు. 1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. పోలియో కూడా వెన్నుపాము నరాలనే కొడుతుంది. పెద్ద హాస్పిటల్‌లో ఊపిరి ఆడించే మెషీన్లు పట్టుమని పది లేవు. రోగుల రక్తంలో కనిపించిన తేడాని డాక్టర్లు వేరే ఏదో అనుకున్నారు. మత్తు డాక్టర్ బియోర్న్ ఇబ్సెన్ మాత్రం అది పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్ అని పట్టుకున్నాడు. ఆగస్టు 27న 12 ఏళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం పెట్టించి, ట్యూబ్ వేసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి ఆడించాడు. పాప తేరుకుంది. తర్వాత సుమారు 1500 మంది స్టూడెంట్లు షిఫ్టుల్లో కూర్చుని రోగులకి చేత్తో ఊపిరి పోశారు. ఊహించండి, మన కాలేజీ వయసు వాళ్లు! 80 శాతం దాటిన మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఈ రోజు ఐసీయూకి పునాది అక్కడే అంటారు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కథ కొంచెం వేరు. అక్కడ చాలాసార్లు మింగడం దగ్గర తేడా వస్తుంది. పాలో, అన్నమో, ఆఖరికి లాలాజలమో ఊపిరి గొట్టంలోకి జారిపోతుంది, ఒక్కోసారి దగ్గు కూడా రాకుండా. మన ఇళ్లల్లో కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గు పట్టే అలవాటు ఉంది కదా, ఈ పిల్లలకి అది ప్రమాదం. అమ్మమ్మలు ప్రేమతోనే చేస్తారు, నచ్చజెప్పండి. కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకి ఉంచి, నెమ్మదిగా తినిపించాలి. న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తుంటే మింగడాన్ని ఎక్స్‌రే వీడియో తీసే టెస్ట్ ఉంటుంది, డాక్టర్‌ని అడగండి.

టీకాల సంగతి. న్యుమోకోకల్ టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. ఫ్లూ టీకా ఆ లిస్టులో లేదు. ఆరు నెలలు దాటాక ఏటా డబ్బు పెట్టి వేయించుకోవాలి, ఇంట్లో పెద్దవాళ్లు కూడా.

ఎప్పుడు పరుగెత్తాలి? పెదాలు నీలంగా మారినా, లేపితే సరిగా లేవకపోయినా, కాఫ్ అసిస్ట్ పెట్టాక కూడా ఆక్సిమీటర్ 94 దాటకపోయినా ఆలస్యం వద్దు, 108కి కాల్ చేయండి. రొప్పు వస్తేనే సీరియస్ అనుకోకండి. రొప్పడానికి కూడా బలం కావాలి, వీళ్లలో అది కనిపించకపోవచ్చు.

వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే బైపాప్, దాని మాస్క్, కాఫ్ అసిస్ట్ కూడా పట్టుకెళ్లండి. పిల్లల సైజు మాస్క్ అన్ని చోట్లా దొరకదు. ఒక కాగితం మీద జబ్బు పేరు, మెషీన్ సెట్టింగ్స్, మామూలు రోజుల్లో ఉండే ఆక్సిమీటర్ రీడింగ్, చూసే డాక్టర్ నంబర్ రాసి ఫోన్‌లో కూడా ఫొటో పెట్టుకోండి. దాని పైన పెద్ద అక్షరాలతో ఒక లైన్: "ఆక్సిజన్‌తో పాటు బైపాప్ కావాలి, కార్బన్ డయాక్సైడ్ చెక్ చేయండి."