ఆంగ్రు చిత్రించిన మదాం మ్వాతెసియే

రూపచిత్రమనగా ఒక వ్యక్తి పోలికను పటముపై నిలుపుటయే యని సామాన్యముగా తలతురు. పోలికయొక్కటియే ప్రయోజనమైనచో నేర్పరియగు చిత్రకారునకు కొలది దినములు చాలును. అట్లుండగా ఫ్రాన్సు దేశమున నొక మహాచిత్రకారునకు ఒక సంపన్న గృహిణి రూపమును ముగించుటకు 12 సంవత్సరములు పట్టినది. ఆ చిత్రము నేడు లండను నగరమందలి నేషనల్ గ్యాలరీలో నున్నది. అన్ని యేండ్లు శ్రమించి ఆ చిత్రకారుడు సాధించినదేమో, విడిచినదేమో విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

చిత్రకారుడు జాన్ ఓగ్యూస్ట్ దొమినీక్ ఆంగ్రు. ఇతడు 1780లో దక్షిణ ఫ్రాన్సునందలి మోంతోబాన్ పట్టణమున జన్మించెను. పారిసులో దావీదు కడ విద్య నేర్చి, రోము నగరమున బహుకాలము వసించెను. ఆనాటి ఫ్రెంచి కళాపండితులు చిత్రములందు తారతమ్యము నేర్పరచిరి. పురాణేతిహాస ఘట్టములకు ప్రథమస్థానము. రూపచిత్రములకు అంతకు దిగువ స్థానము. ఆంగ్రుకును ఈ విశ్వాసమే దృఢముగా నుండెను. కావుననే 1844లో సిజిస్బేర్ మ్వాతెసియే యను ధనికుని భార్యను చిత్రింపుమని మిత్రుని ద్వారా వర్తమానము రాగా, అతడు మొదట నిరాకరించెను. పిమ్మట ఆమెను స్వయముగా చూచి, ఆ సౌందర్యమునకు ముగ్ధుడై యంగీకరించెను.

ఆమె పేరు ఈనెస్. 1821లో ఫూకో వంశమున జన్మించినది, 1842లో వివాహమైనది. మొదటి యూహలో ఆమె ప్రక్కన చిన్న కుమార్తె కాత్రీన్ కూడ నుండెను. తరువాత ఆంగ్రు ఆ బిడ్డను పటమునుండి తొలగించెను. 1849లో ఆతని భార్య మరణించుటతో పని నిలిచిపోయెను. 1851లో ఆమెను నల్లని యుడుపుతో, నిలుచున్న భంగిమలో వేరొక పటమున చిత్రించి యిచ్చెను. అది నేడు వాషింగ్టను నగరమున నున్నది. ఆ పిదప పాత పటమును మరల చేపట్టి, ఉడుపును పలుమారులు మార్చి, 1856లో ముగించెను. మొదలిడిననాడు 23 ఏండ్ల యువతి ముగించునాటికి 35 ఏండ్ల గృహిణి. పటములోని ముఖమున మాత్రము ఏ వయస్సును తెలియరాదు.

పటము ఎత్తు 120 సెంటీమీటర్లు, వెడల్పు 92. గులాబీ గుత్తులుగల తెల్లని పట్టుగౌను ఆసనమంతయు పరచుకొనియున్నది. ముంజేతులకు రత్నాల కడియములు, ఎడమచేత విసనకఱ్ఱ. ఇదంతయు నాటి పారిసు ధనికుల వైభవము. కాని కుడిచేతి చూపుడువ్రేలు కణతను తాకియున్న తీరు పారిసుది కాదు. క్రీ.శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలై పూడిపోయిన హెర్క్యులేనియం నగరమున దొరకిన కుడ్యచిత్రమొకటి నేపుల్సులో కలదు. హెర్క్యులీసు తన కుమారుని కనుగొను ఆ ఘట్టమున ఆర్కేడియా దేవత ఇట్లే వ్రేలు చేర్చి కూర్చున్నది. ఆ దేవత భంగిమను ఈమె కొసగి, తాను తక్కువగా నెంచిన రూపచిత్రమునకు ఆంగ్రు పురాణచిత్రపు గౌరవమును కల్పించెను.

ఆమె వెనుక పెద్ద యద్దము కలదు. ముఖము మనవైపు తిరిగియున్నది గనుక అద్దములో తల వెనుకభాగము కానరావలెను. ఆంగ్రు అందు ప్రక్కనుండి చూచిన ముఖమును వ్రాసెను. కాంతి నియమములను బట్టి యిది పొసగదు. గౌనుమీది ప్రతి పువ్వును పరికించి వ్రాసినవాడు ఈ సంగతి నెరుగడనుకొనుటకు వీలులేదు. ప్రాచీన నాణెములపై ముఖములు ప్రక్కనుండియే కనబడును. అద్దములోని యీ నీడయు అట్టిదే. ఎదుట కూర్చున్నది పారిసు గృహిణి. అద్దములో నున్నది ప్రాచీన ప్రతిమ.

ఈ చిత్రమును 1921లో పారిసున చూచిన పికాసో, 1932లో పుస్తకము చేతబూనిన స్త్రీని చిత్రించుచు ఈ భంగిమనే గ్రహించెను. లండను గ్యాలరీ దీనిని 1936లో కొన్నది. 2022లో ఆ రెండు చిత్రములును అచ్చట ప్రక్కప్రక్కన ప్రదర్శింపబడినవి.

ఈనెస్ 1897లో మరణించినది. 1886లో పారిసున ఈమె కుటుంబపు సాంగత్యమున నుండగనే మేనల్లుడు షార్ల్ ద ఫూకో మరల దైవభక్తుడయ్యెను. సహారా ఎడారిలో తపోజీవనము గడపి 1916లో హతుడైన ఆతనిని 2022లో రోము సంఘము పునీతునిగా ప్రకటించినది. తల్లిగా, మేనత్తగా ఈనెస్ గడపిన బ్రతుకు పటములో లేదు. పటమునకు నిలిచిన పేరును భర్త యింటిపేరే. ఆంగ్రు ఆమె సౌందర్యమునకు శాశ్వతత్వము నొసగెను. అందులకై ఆమె ఒడిచెంతనున్న బిడ్డను తొలగించెను. రూపచిత్రమును చూచువారు పటమున నిలిచినదానితోపాటు పటమునకు వెలియైనదానిని గూడ తెలిసికొన్నప్పుడే ఆ వ్యక్తిని చూచినట్లగును.