పూర్వ ప్రాథమిక బడి ఎంపిక: కుటుంబ ఆదాయ, నేపథ్యాల ప్రభావం

మూడు నుంచి ఆరు సంవత్సరాల వయసు శిశువు భాషకు, ఆలోచనకు, సాంఘిక ప్రవర్తనకు పునాది పడే దశ. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణను, విద్యను ఆదేశిక సూత్రాలలో చేర్చింది. ప్రాథమిక హక్కు మాత్రం 6 నుంచి 14 సంవత్సరాల వారికే వర్తిస్తుంది. కావున ఈ దశలో బడిని నిర్ణయించే బాధ్యత ప్రధానంగా తల్లిదండ్రులదే. గ్రామాలలో వారి ముందున్న మార్గాలు సాధారణంగా రెండు: 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద నడిచే అంగన్‌వాడీ కేంద్రం, ప్రైవేటు పాఠశాలలలోని ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు.

ఆదాయం

ఆదాయం ఎంపికకు హద్దులు నిర్ణయిస్తుంది. ఫీజుతోపాటు వ్యాను, దుస్తులు, పుస్తకాల ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది. ఆదాయ పరిమాణంతో సమానంగా అది చేతికందే కాలమూ ముఖ్యమే. నెల జీతం పొందే కుటుంబం ఫీజును వాయిదాలలో సర్దుకోగలదు. వర్షాధార రైతుకు బడి ఫీజు, ఖరీఫ్ విత్తనాలు, ఎరువుల పెట్టుబడి జూన్‌లో ఒకేసారి ఎదురవుతాయి. అప్పు చేసి ఫీజు కట్టిన కుటుంబం పంట దెబ్బతింటే బిడ్డను నడుమ బడి మాన్పించవలసి రావచ్చు.

కుటుంబ నేపథ్యం

ఒకే ఆదాయమున్న కుటుంబాలు భిన్నంగా ఎంచుకోవడానికి నేపథ్యం కారణం. తాము బడికి వెళ్లని తల్లిదండ్రులు బోధనను అంచనా వేయలేక టై, బూట్లు, ఆంగ్ల పద్యాలు, నోటుపుస్తకం నిండిన హోంవర్కు వంటి కంటికి కనిపించే గుర్తులను నమ్ముతారు. చదువుకున్న తల్లి ఉపాధ్యాయురాలి తీరును, ఆటకు ఇచ్చే సమయాన్ని విచారించే అవకాశం ఎక్కువ. వ్యవసాయ కూలీ తల్లికి పని వేళలే ప్రధానం. నాట్ల కాలంలో ఉదయాన్నే పొలానికి వెళ్లే ఆమెకు కేంద్రం వేళలు సరిపోవు. ఇంట అవ్వాతాతలుంటే ఈ ఒత్తిడి తగ్గుతుంది. కొన్ని కుటుంబాలలో కొడుకును ప్రైవేటు బడికి, కూతురిని అంగన్‌వాడీకి పంపడం కూడా కనిపిస్తుంది.

ఎంపిక ఫలితం

ఫీజు నాణ్యతకు కొలమానం కాదు. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం, 2020 జాతీయ విద్యావిధానం రెండూ ఆటపాటల ద్వారా అభ్యసనాన్నే సూచించాయి. మూడేళ్ల బిడ్డ చేత గంటల తరబడి అక్షరాలు దిద్దించడం దీనికి విరుద్ధం. పైగా అంగన్‌వాడీని వదిలిన బిడ్డ అక్కడి వేడి భోజనాన్నీ కోల్పోతుంది. 3–6 సంవత్సరాల పిల్లలకు రోజుకు 500 కిలోకేలరీల శక్తి, 12–15 గ్రాముల మాంసకృత్తులు అందించాలన్నది గతంలో నిర్దేశించిన ప్రమాణం. పేద కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు.

విస్తరణ సూచనలు

తల్లిదండ్రులను తప్పుపట్టక, వారి కారణాలను ముందుగా తెలుసుకోవాలి. ఆట స్థలం, ఉపాధ్యాయురాలి వద్ద ఉన్న పిల్లల సంఖ్య, ఇంటి భాషలో సంభాషణ, తాగునీరు, మరుగుదొడ్డి పరిశీలించి బడిని ఎంచుకోవడం తల్లుల సమావేశాలలో నేర్పాలి. వ్యవసాయ పనుల కాలానికి అనువుగా కేంద్రం వేళలు మార్చే విషయాన్ని సంబంధిత శాఖ దృష్టికి తేవాలి. ఈ అంశంపై సర్వే చేసే విద్యార్థులు వార్షికాదాయంతోపాటు అది అందే నెలలు, తల్లి విద్య, పని వేళలు, బిడ్డ ఆడా మగా అన్నదీ నమోదు చేయాలి. అప్పుడే ఏ కుటుంబానికి సమాచారం అవసరమో, ఏ కుటుంబానికి సౌకర్యం అవసరమో వేరుగా తెలుస్తుంది.