తరిమే డ్రోన్‌ని బోల్తా కొట్టించడం ఎలా?

ఆలూరు పత్తిచేల మీద మందు కొట్టే డ్రోన్ కలలో మిమ్మల్ని తరిమిందనుకోండి. ఎందుకలా?

కలలు జోరుగా వచ్చే నిద్రదశలో రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదులుతాయి. అప్పుడు భయాన్ని పసిగట్టే అమిగ్డలా చురుగ్గా ఉంటుంది, మంచిచెడ్డలు బేరీజు వేసే మెదడు ముందుభాగం మందగిస్తుంది. డ్రోన్ మాట్లాడినా వింతనిపించదు! కండరాలు సడలిపోతాయి కనుక ఆ పరుగు మంచం దాటదు. ఇలాంటి కలలు ఆపదను ఎదుర్కొనే సాధన అని ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఆంటి రెవొన్సువొ 2000లో ప్రతిపాదించాడు. అందరూ ఒప్పుకోలేదు గానీ, నాకు భలే నచ్చిన ఊహ ఇది.

మెలకువలోనూ యంత్రాన్ని ఏమార్చవచ్చు. అమెరికాలో మనుషుల్ని గుర్తుపట్టే యంత్రాన్ని పరీక్షించినప్పుడు ఇద్దరు మెరైన్ సైనికులు అట్టపెట్టె కప్పుకుని దాని దాకా వెళ్లిపోయారు. నడిచే మనుషుల్ని చూపించి దానికి నేర్పారు. నడిచే పెట్టెను అదెన్నడూ చూడలేదు మరి!

ఇక ఏమార్చడమే కాదు, డ్రోన్‌ని నేరుగా కూల్చే దారీ ఉంది. మన కర్నూలులోనే, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పరీక్షా ప్రాంగణంలో 2025 ఏప్రిల్ 13న లేజర్ ఆయుధం డ్రోన్లను కూల్చింది. దాన్ని హైదరాబాద్‌లోని చెస్ (CHESS) అనే ప్రయోగశాల రూపొందించింది. కిరణం కాంతివేగంతో తాకి, తాకినచోటును కాల్చేస్తుంది. డ్రోన్ ఎటు కదిలినా ఆ ఒక్కచోటే గురి నిలపడం చాలా కష్టం.