మూగవోయిన కాపలాదారు: బాగుచేయుటయా, మార్చుటయా?

మార్గశిర మాసమున మల్దకల్‌లో తిమ్మప్ప జాతర జరుగును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ పల్లెలనుండి జనము తరలివచ్చును. ఆ దినములలో చుట్టుపట్ల ఎన్నో ఇండ్లకు తాళములు పడును. పత్తి విత్తనపు చేలలో పని ముమ్మరమైనప్పుడును ఇంతే. ఇంటిల్లిపాదియు పొద్దుటే చేనికి పోవుదురు. పంట అమ్మిన సొమ్మును, పిల్ల పెండ్లికి కూర్చిన బంగారమును ఇంటిలోనే ఉండును. అందుచేత నేడు పల్లెలలోకూడ కొందరు దొంగల అలారము పెట్టించుకొనుచున్నారు.

కొన్నేండ్లు గడచిన పిమ్మట ఆ అలారము ఒక రాత్రి ఊరక కూయును. మరునాడును కూయును. ఇరుగుపొరుగువారు మొదటిసారి కర్రలు పట్టుకొని పరుగెత్తి వత్తురు. మూడవసారి ముసుగు తీయరు. ఇది ‘నాన్నా, పులి’ కథయే. ఇంటివారు విసిగి స్విచ్చు ఆపివేయుదురు. ఇంకొక విధమైన లోపము కలదు: కూయవలసినప్పుడు కూయకుండుట. మొదటి లోపము వెంటనే తెలియును. రెండవది దొంగ వచ్చి పోయిన తరువాతగాని తెలియదు. ఇట్టి యంత్రమును బాగుచేయించవలెనా, తీసివేసి కొత్తది కొనవలెనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్న ముందు దాని అంగములను గుర్తెరుగవలెను.

నాలుగు అంగములు

ప్రతి అలారమునకును కన్ను, మెదడు, ఆహారము, గొంతు అని నాలుగు భాగములు ఉన్నవనుకొనవచ్చును. తలుపునకు తగిలించిన స్విచ్చులు, మనిషి కదలికను పట్టు పరికరములు కన్ను. గోడమీది పెట్టె మెదడు. కరెంటును, బ్యాటరీయును ఆహారము. సైరన్ గొంతు. వీటిని కలుపు వైర్లు నరములు. ఒక్కటి చెడినంతమాత్రమున అన్నిటిని పారవేయుట, పంటి నొప్పికి తల తీయించుకొనుట వంటిది.

అమెరికా దేశమున 1853లో ఆగస్టస్ పోప్ అను నతడు విద్యుత్తుతో పనిచేయు అలారమునకు పేటెంటు పొందెను. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని బోస్టన్ నగరమున వ్యాపారము సాగించెను. ఆ ఏర్పాటులో తలుపు తెరచినప్పుడు విద్యుత్ వలయము పూర్తియై గంట మోగును. దీనిలో ఒక చిక్కు ఉన్నది. దొంగ ముందుగా వైరు తెంచినచో వలయము ఎన్నటికిని పూర్తికాదు, గంట మోగదు. దీనికి విరుగుడు, మూసిన వలయము. ఇందులో కొద్దిపాటి ప్రవాహము ఎల్లప్పుడును పారుచుండును. తలుపు తెరచినను, వైరు తెగినను ప్రవాహము ఆగును. ఆగుటయే సైరనుకు సంకేతము. కాని ఈ గుణమే ఉత్తుత్తి కూతలకు మూలము. అతుకు వదులైనను, తుప్పు పట్టినను, ఎలుక వైరు కొరికినను ప్రవాహము ఆగును. అలారము దొంగ వచ్చినాడనియే తలచును.

మొదట బ్యాటరీ

లోపము వెదకునప్పుడు ఎక్కువగా చెడు భాగమును ముందు చూడవలెను. అది బ్యాటరీ. చాల పెట్టెలలో 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ ఉండును. పెట్టె 0.2 ఆంపియరు వాడుకొనునచో, కరెంటు పోయిన తరువాత లెక్కప్రకారము 7 ÷ 0.2 = 35 గంటలు నడువవలెను. బ్యాటరీ ముసలిదైనకొలది ఈ కాలము తగ్గిపోవును.

సీసపు బ్యాటరీ ఆయువును సాధారణముగా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద చెప్పుదురు. అంతకుమించి ప్రతి 10 డిగ్రీలకును ఆయువు ఇంచుమించు సగమగునని ఒక లెక్క. 25 డిగ్రీలవద్ద నాలుగేండ్లు పనిచేయు బ్యాటరీ, ఎల్లప్పుడును 35 డిగ్రీలలో ఉన్నచో రెండేండ్లకే అలసిపోవును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ప్రాంతమున, రేకుల కప్పు క్రింద బిగించిన పెట్టె గతి ఊహించుకొనవచ్చును.

మల్టీమీటరుతో పరీక్ష సులభము. చార్జరునుండి విడదీసి కొన్ని గంటలు ఉంచిన మంచి బ్యాటరీ 12.7 వోల్టులకు అటునిటుగా చూపును. ఇది చాలదు. సైరను మ్రోగుచుండగా కూడ కొలువవలెను. ముసలి బ్యాటరీలో అంతర్నిరోధము పెరుగును గనుక, ఊరక ఉన్నప్పుడు సరిగా కనబడినను భారము పడగానే వోల్టేజి కూలును. పూర్తిగా చార్జి చేసినదియు సైరను మ్రోతకు 10.5 వోల్టులకు దిగువకు పడినచో దానిని మార్చవలసినదే. ఉబ్బినచో పరీక్షతో పనిలేదు, వెంటనే మార్చవలెను. పాత బ్యాటరీలో సీసము విషము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము దానిని చెత్తలో వేయరాదు, పాత బ్యాటరీలను సేకరించువారికి ఈయవలెను.

తలుపు, బల్లి, ఎండ

తలుపు స్విచ్చు చిన్న గాజు గొట్టము. లోపల రెండు పలుచని ఇనుప రేకులు ఉండును. అయస్కాంతము చేరువైనప్పుడు అవి అంటుకొనును. 1936లో బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ దీనిని రూపొందించెను. అయస్కాంతము నుండి దూరము పెరిగినకొలది దాని బలము మిక్కిలి వేగముగా తగ్గును. కొంత దూరము దాటిన పిమ్మట, దూరము రెండింతలైనచో బలము ఎనిమిదవ వంతగును. కొయ్య తలుపు వానలలో ఉబ్బును, ఎండలలో సన్నగిల్లును. ఈ మార్పుతో సందు కొద్దిగా పెరిగినను రేకులు విడిపోవచ్చును. ఇచటి మరమ్మతు, అయస్కాంతమును కొంచెము జరిపి బిగించుటయే.

కదలికను పట్టు పరికరము మన శరీరము వెదజల్లు పరారుణ కిరణములను గ్రహించును. వీన్ సూత్రము ననుసరించి శరీరపు వేడివద్ద ఈ కిరణముల తీవ్రత 9 మైక్రోమీటర్లకు పైచిలుకు తరంగదైర్ఘ్యమున మిక్కుటము. పరికరము చూచునది వేడిని కాదు, మనిషికిని గోడకును గల వేడిలోని తేడాను. వేసవి పగటివేళ గోడ చర్మమంత వేడెక్కినప్పుడు తేడా మాయమగును. దొంగ ఎదుట నడచినను పరికరమునకు స్పష్టముగా తోచకపోవచ్చును. అది చెడిపోలేదు, ఉష్ణోగ్రతకు తగినట్లు సర్దుకొను రకము దానికి బదులు కావలెను. బల్లి అద్దముమీద ప్రాకినను, కిటికీనుండి ఎండ నేరుగా పడినను ఉత్తుత్తి కూత వచ్చును. దీనికి కావలసినది స్థలము మార్చుట, తుడిచి శుభ్రము చేయుట.

ఎప్పుడు మార్చవలెను?

ఒకేసారి ఒక్క భాగమునే మార్చి చూచుట శాస్త్రీయ పద్ధతి. రెండు మార్చినచో ఏది దోషియో తేలదు. బ్యాటరీ, స్విచ్చులు, అతుకులు సరిచేసినను లోపము పోనిచో దోషము పెట్టెలోనే ఉన్నది. పిడుగుపాటుకు పెట్టెలోని బోర్డు కాలి, అట్టి బోర్డు దొరకనప్పుడు కొత్తది కొనుటయే మేలు. ఫోనుకు కబురుచేయు పెట్టెలలో ఇంకొక సంగతి: 2జీ మాత్రమే ఎరిగిన పెట్టె, 2016లో ఆరంభమైన జియో వంటి 4జీ జాలమున పనిచేయదు. సిమ్ము మార్చగానే అలారము మూగవోయినచో ముందు దీనిని విచారింపవలెను.

ధరను ఇట్లు పోల్చవచ్చును. మరమ్మతుకు 600 రూపాయలై, యంత్రము మరి రెండేండ్లు నడచుననుకొందము: ఏడాదికి 300. కొత్తది 4,000 రూపాయలై ఎనిమిదేండ్లు నడచుననుకొందము: ఏడాదికి 500. ఇచట మరమ్మతే లాభము. అదే మరమ్మతు ఆరు నెలలకే మరల అవసరమైనచో ఏడాదికి 1,200 అగును, లెక్క తిరుగబడును. నమ్మదగని అలారము చవకయైనను అది నష్టమే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

రెండు టార్చి సెల్లులు, ఒక రీడ్ స్విచ్చు, ఎర్రని ఎల్.ఇ.డి., 330 ఓముల నిరోధకము వరుసగా కలుపుడు. అయస్కాంతమును మెల్లగా దగ్గరకు తెచ్చి, దీపము వెలిగిన దూరమును స్కేలుతో కొలువుడు. పిదప అయస్కాంతమును ఇనుప రేకుకు అంటించి మరల కొలువుడు. దూరము తగ్గును, ఇనుము బలరేఖలను తనలోనికి లాగికొనుటయే కారణము. ఇనుప తలుపులకు అయస్కాంతము క్రింద కొయ్యముక్క ఏల పెట్టుదురో విద్యార్థులు తామే చెప్పగలరు. పెట్టెలోనికి 230 వోల్టుల కరెంటు వచ్చును గనుక దానిని మాత్రము పిల్లలు విప్పరాదు.

నెలకొకసారి, ముఖ్యముగా జాతరకు తాళము వేయుటకు ముందు, కరెంటు ఆపి తలుపు తెరచి సైరను మ్రోగునో లేదో చూచుకొనవలెను. పొరుగువారికి ఆ సంగతి ముందే చెప్పవలెను. అసలు కూత వినబడిన నాడు లేచి రావలసినవారు వారే గదా.