తుక్కుకు వేద్దామనుకున్న కంప్యూటర్

మొన్న 2025 బతుకమ్మ పండుగకు నాలుగు రోజులు లీవ్ పెట్టి కాజీపేట వెళ్లాను. సికింద్రాబాద్‌లో రైలెక్కితే రెండు గంటల దారి. ఇంట్లో బ్యాగు దించకముందే చెల్లె పంచాయితీ పెట్టింది. "అన్నా, కంప్యూటర్ ఆన్ చేసి, చాయ్ పెట్టుకోని తాగొచ్చినా ఆ గుండ్రం ఇంకా తిరుగుతనే ఉంటది. నాకు కొత్త ల్యాప్‌టాప్ కావాలె."

ఆమె అడిగిన దాంట్లో తప్పు లేదు. రైల్వే పరీక్షలకు ప్రిపేర్ అవుతోంది. అసలు పరీక్ష కంప్యూటర్ మీదే ఉంటుంది కాబట్టి మాక్ టెస్టులూ పెద్ద స్క్రీన్ మీద, మౌస్‌తోనే రాయాలని పట్టుదల. ఫోన్‌లో రాస్తే డేటా ఇంటర్‌ప్రెటేషన్ పట్టికలు సగం కనిపించవు. టెస్టు మధ్యలో మా డెస్క్‌టాప్ బిగుసుకుపోతే, టైమర్ మాత్రం ఆగదు కదా!

మా బాపు రైల్వేలో రిటైర్ అయ్యాడు. ఆయన లెక్క ఆయనది. "పదకొండేండ్లాయె బిడ్డా. నాకే రిటైర్మెంట్ ఇచ్చిండ్రు, దానికి ఇయ్యొద్దా? ఇగ తుక్కుకేసుడే" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఫోన్‌లో అడిగినప్పుడల్లా నేనూ అదే మాట అన్నాను. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అయ్యుండి, ఇంట్లో కంప్యూటర్ వైపు రెండేళ్లుగా తొంగి కూడా చూడలేదు. దీన్నే ఇంటి వైద్యం పనికిరాదనడం అంటారేమో.

ముందు రోగమేంటో చూద్దాం

నలభై వేలు పెట్టే ముందు ఐదు నిమిషాలు పెడదామని కూర్చున్నా. మీరూ ఇక్కడే మొదలుపెట్టండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడాలి. మా దాంట్లో ప్రాసెసర్ నాలుగో తరం ఐ3. దాని వాడకం 12 శాతం. అంటే పాపం ఖాళీగా కూర్చుంది. ర్యామ్ 4 జీబీలో 3.6 నిండిపోయింది. డిస్క్ దగ్గర మాత్రం 100 శాతం, దిగడమే లేదు.

ఈ మూడు అంకెలు చాలు, సగం కథ అర్థమవుతుంది. ప్రాసెసర్ ముసలిదై కాదు, దానికి సరుకు అందక కంప్యూటర్ ఆగుతోంది. ర్యామ్ నిండగానే విండోస్ కొంత డేటాను హార్డ్ డిస్క్ మీదకు తోసి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ఆ డిస్కే నెమ్మది. దెబ్బ మీద దెబ్బ.

హార్డ్ డిస్క్ ఎందుకంత నెమ్మది? లోపల పళ్లెం ఒకటి నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 8 మిల్లీ సెకన్ల పైనే. కావాల్సిన డేటా ఉన్న చోటు తిరిగి రావాలి, చదివే ముల్లు అక్కడికి జరగాలి. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క చదవాల్సి వస్తే సెకనుకు ఓ వంద ముక్కలు అందించడమే కష్టం. విండోస్ స్టార్ట్ అయ్యేటప్పుడు అడిగేది సరిగ్గా ఇలాంటి చిన్న ముక్కలే, అదీ వేలల్లో. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏదీ లేదు, అంతా చిప్పులే. సెకనుకు వేలకు వేల ముక్కలు అందిస్తుంది. అందుకే పాత కంప్యూటర్‌కు ఒక్కటే ఖర్చు పెట్టగలిగితే, ఆ ఒక్కటీ ఎస్‌ఎస్‌డీ మీద పెట్టమంటాను.

బాపమ్మ ఫోల్డర్

ఇంతవరకు నాకు తెలిసిన పాఠమే. తెలియంది తర్వాత వచ్చింది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కల్ని అది చూపిస్తుంది. నీలం రంగులో 'గుడ్' అని వస్తే పర్లేదు. మాకు పసుపు రంగులో 'కాషన్' వచ్చింది. చెడిపోయిన సెక్టార్లు వందల్లో ఉన్నాయి. డిస్క్ నెమ్మదించడమే కాదు, చావుకు దగ్గర పడింది.

"డీ డ్రైవ్‌ల ఏమున్నయ్ బాపూ?" అని అడిగా.

"ఏమున్నయ్‌రా, ఫోటోలు... మీ బాపమ్మ పాటలు."

అప్పుడు గుర్తొచ్చింది. నేను ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు, బాపమ్మ బతుకమ్మ పాటలు పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి ఇందులోకి ఎక్కించాను. మొత్తం 41 ఫైళ్లు. ఆ ఫోన్ ఎప్పుడో పోయింది. బాపమ్మ కూడా. ప్రపంచంలో ఆ పాటలకున్న ఒకే ఒక కాపీ, కరకరమంటున్న ఆ డిస్క్‌లో ఉంది. దాన్నే నేను ఫోన్‌లో "అమ్మెయ్యండి" అన్నాను.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే చాలామంది డేటా పోగొట్టుకునేది ఈ దశలోనే. డిస్క్ చెడిపోతోందని తెలిశాక దాన్ని 'రిపేర్' చేయొద్దు. డీఫ్రాగ్ చేయొద్దు, చెక్‌డిస్క్ నడపొద్దు. అవి డిస్క్‌తో ఇంకా ఎక్కువ పని చేయిస్తాయి, దాని మీద రాస్తాయి. పోయేవాడితో పరుగు పందెం పెట్టించినట్టు. 'ఫార్మాట్ కొడితే సెట్ అయితది' అనే సలహా అస్సలు వినొద్దు. అంతకు ఏడాది ముందే మా వీధి దగ్గరి ఒక షాపులో ఐదొందలు తీసుకుని ఫార్మాట్ కొట్టి, క్రాక్ చేసిన విండోస్ ఎక్కించి పంపారు. డీ డ్రైవ్ ముట్టుకోలేదు కాబట్టి బతికిపోయాం. ఆ క్రాక్ ఫైళ్లతో పాటు ఏమేం లోపలికి వస్తాయో చెప్పలేం. ఆ కంప్యూటర్లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడమంటే తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు.

చేయాల్సింది ముందు కాపీ. హనుమకొండలో ఉన్న దోస్తు దగ్గర 1 టీబీ పోర్టబుల్ డిస్క్ అడిగి తెచ్చాను. లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్ స్టార్ట్ చేశాను. ఇలా చేస్తే పాత డిస్క్ మీద ఏ సిస్టమూ నడవదు. మన ప్రమేయం లేకుండా దాని మీద ఏదీ రాయదు. తర్వాత డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాను. మామూలు కాపీ ఒక చెడ్డ సెక్టార్ తగిలితే అక్కడే మొండికేస్తుంది. ఇది అలా కాదు. కష్టమైన చోట్లు వదిలేసి, ముందు బాగున్నదంతా తీసేసుకుంటుంది. ఎక్కడెక్కడ వదిలేసిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. చివర్లో వెనక్కి వెళ్లి ఆ చోట్లను మళ్లీ మళ్లీ అడుగుతుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే కొనసాగించొచ్చు.

ఒకటే హెచ్చరిక. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కు అన్నది తారుమారైతే, కాపాడాల్సిన దాని మీదే రాసేస్తుంది. పేర్లు, సైజులు రెండుసార్లు చూసుకోండి. నేను నాలుగుసార్లు చూశాను. నడుస్తున్నంతసేపు మా చెల్లెను పక్కన కూర్చోబెట్టుకున్నా, ధైర్యానికి.

రాత్రంతా నడిచింది. బయట గూడ్సు బండ్లు, లోపల డిస్క్ టకటకలు. పొద్దున చూస్తే 41 పాటల్లో 38 పూర్తిగా వచ్చాయి. రెండు మధ్యమధ్య తెగిపోతున్నాయి. ఒకటి తెరుచుకోలేదు. బాపు కళ్లజోడు తీసి ఆ ఫోల్డర్ వైపు చూస్తూ కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ పాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో, నా గూగుల్ డ్రైవ్‌లో, చెల్లె ఫోన్‌లో కూడా ఉన్నాయి. మీ ఇంట్లో ఇలాంటి ఫోల్డర్ ఏదైనా ఉంటే, ఈ ఆర్టికల్ పక్కన పెట్టి ముందు దాన్ని ఇంకో రెండు చోట్లకు కాపీ చేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మూత తీస్తే

మనం ఇళ్లల్లో 'సీపీయూ' అని పిలిచే డబ్బా మూత తీశాను. లోపల కాజీపేట దుమ్మంతా పదకొండేళ్లుగా పేరుకుని ఉంది. మా దగ్గర ఎండాకాలం 42, 43 డిగ్రీలు మామూలే. దుమ్ము పట్టిన ఫ్యాన్ వేడిని బయటకు తోయలేకపోతే, ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది. ప్లగ్ తీసేసి, మెత్తని బ్రష్‌తో దులిపి, బ్లోయర్‌తో ఊదాను. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేదంటే అది గిర్రున తిరిగి పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ కరెంటుతో చిప్పులు పోవచ్చు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది, బఠాణీ గింజంత పెట్టాను.

ర్యామ్ కొనేముందు మీ బోర్డుకు ఏది సరిపోతుందో చూసుకోండి. మాది డీడీఆర్3. డీడీఆర్4 అందులో అసలు కూర్చోదు, గాటు వేరేచోట ఉంటుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో చూపిస్తుంది. మాకు రెండింట్లో ఒకటి ఖాళీ. సెకండ్ హ్యాండ్ 4 జీబీ ముక్క 600 రూపాయలకు దొరికింది. మొత్తం 8 అయింది. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 1,850. ఇది నేను కొన్నప్పటి రేటు. ఆ తర్వాత ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ రేట్లు బాగా పెరిగాయి, కాబట్టి షాపుకెళ్లే ముందు ఒకసారి చూసుకోండి. పాత బోర్డుల్లో సన్నగా పొడుగ్గా ఉండే ఎన్‌వీఎంఈ రకానికి సాధారణంగా చోటుండదు. 2.5 అంగుళాల సాటా రకమే అడగండి.

విండోసా, లినక్సా?

ఇక్కడ ఇంట్లో చిన్న గొడవైంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆగింది. మేం ఈ పని చేస్తున్నప్పటికి ఇంకా రెండు వారాలే ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఎన్‌రోల్ చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం, ఆపైన ఉండాలి. మాది నాలుగు. దొడ్డిదారిన ఎక్కించే చిట్కాలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి గానీ, రేపు ఏ అప్‌డేట్‌తో ఆగిపోతుందో తెలియని సిస్టమ్ మీద చెల్లె పరీక్షల ప్రిపరేషన్ పెట్టదల్చుకోలేదు.

అందుకే ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేశాను. ఫ్రీ, క్రాకుల గోల లేదు, 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. చెల్లె వాడేది బ్రౌజరే కాబట్టి ఆమెకు తేడా తెలియలేదు. అందరికీ ఇదే సరిపోతుందని అనను. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ వాడేవాళ్లు, ట్యాలీ, ఫోటోషాప్ మీద బతికేవాళ్లు విండోస్‌లోనే ఉండటం మంచిది. మిగతావాళ్లు ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది.

విండోస్‌లోనే ఉండేవాళ్లు టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ తెరిచి అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. 'పీసీ బూస్టర్', 'ర్యామ్ క్లీనర్' అని వచ్చేవన్నీ తీసేయండి. ర్యామ్ ఖాళీ చేయడానికి ర్యామ్ తినే ప్రోగ్రామ్ ఎందుకు చెప్పండి?

ఇంతకుముందు కంప్యూటర్ చేతికి రావడానికి ఆరు నిమిషాలు పట్టేది. తర్వాత ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే 24 సెకన్లు. చెల్లె నమ్మక మళ్లీ రెండుసార్లు బంద్ చేసి ఆన్ చేసింది.

బాపు కోసం

స్పీడ్ ఒక్కటే కాదు. బాపు కంప్యూటర్ దగ్గరకు రాకపోవడానికి కారణం నెమ్మది కాదని ఆ రోజే తెలిసింది. అక్షరాలు కనిపించవట! పదకొండేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు, మేమూ అడగలేదు. ఫాంట్ సైజు పెంచి, మౌస్ బాణం పెద్దది చేసి, డెస్క్‌టాప్ మీద నాలుగే గుర్తులు ఉంచాను. మానిటర్ కింద పాత రైల్వే టైమ్ టేబుల్ పుస్తకాలు రెండు పెడితే కంటికి సరైన ఎత్తుకు వచ్చింది.

తెలుగు టైపింగ్ కూడా పెట్టాను. కీబోర్డులో అక్షరాల చోటు గుర్తుపెట్టుకోగలిగితే ఇన్‌స్క్రిప్ట్ మంచిది, స్పీడ్ వస్తుంది. మనలాగా ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఆర్‌టీఎస్ పద్ధతి ఎంచుకోవచ్చు. ఇది అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో మన తెలుగువాళ్లు తయారుచేసింది. దాని పేరులో ఆర్ అంటే ఆ రైసే, మనం తినేది కాదు. లినక్స్‌లో రెండూ ఉన్నాయి. బాపు ఒక్కో వేలితో కొట్టి మొదట రాసింది బాపమ్మ పేరు. తర్వాత 38 ఫైళ్లకూ పేర్లు మార్చే పని ఆయనే తీసుకున్నాడు. ఒక్కో పాట విని, ఏ పాటో రాసుకుంటూ. తెరుచుకోని ఆ ఒక్కటి ఏ పాటో మా మేనత్తకు ఫోన్ చేసి కనుక్కుంటున్నాడు.

యూపీఎస్ బ్యాటరీ మాత్రం ఇంకా మార్చలేదు. కరెంటు పోతే నిమిషం కూడా ఆగట్లేదు, వచ్చే ట్రిప్పులో ఆ పని. నేను రైలెక్కే ముందు ఇంకో చిన్న మాట చెప్పొచ్చాను: కంప్యూటర్ నడుస్తున్నప్పుడు డబ్బా మీద టవల్ కప్పొద్దు, గాలి ఆడదని. మర్నాడు చెల్లె ఫోటో పంపింది. స్క్రీన్ మీద మాక్ టెస్ట్ నడుస్తోంది, డబ్బా మీద టవల్ చక్కగా మడతపెట్టి కప్పి ఉంది.