గ్రాఫిక్స్ కార్డు కొనేముందు పెట్టె మీద అంకె చూడండి

సంఘం కార్యదర్శినని నాకు వచ్చే ఫోన్లు మామూలుగా ఉగాది చందాల గురించో, బడిలో తెలుగు సెక్షన్ గురించో ఉంటాయి. ఈ మధ్య ముగ్గురు సభ్యులు అడిగింది వేరు. "మనవడు ఆటలకు గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడండీ, ఏది కొనమంటారు?" నన్నే అడగడానికి కారణం ఉంది. నేను కొని పొరపాటు పడిన సంగతి వాళ్ళకు తెలుసు.

పదో తరగతిలో మంచి మార్కులు వస్తే కొనిస్తానని మా మనవడికి మాటిచ్చాను. వాడు చీటీ మీద "ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 16 జీబీ" అని రాసిచ్చాడు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో అదే పేరున్న కార్డు అనుకున్నదానికన్నా కొన్ని వేలు తక్కువకే దొరికింది. పెన్షన్ డబ్బు మిగిలిందని సంతోషపడ్డాను. ముప్ఫై ఏళ్ళు ఊరివాళ్ళ బిల్లులు సరిచూసిన గుమాస్తాను, నా బిల్లు మీద 8 జీబీ అని ఉన్నది చూసుకోలేదు. ఇంటికొచ్చి సీలు తీశాక వాడు పెట్టె వంక చూసి, "పరవాలేదులే తాతయ్యా" అన్నాడు. సీలు తీసిన సరుకు దుకాణంవాళ్ళు వెనక్కి తీసుకోరు. వాళ్ళను అనడానికీ లేదు, బిల్లు సరిగ్గానే రాశారు.

ఎన్‌విడియా 2025లో తెచ్చిన ఈ కార్డు 8, 16 జీబీ రెండు రకాల్లోనూ ఉంది. ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే. 2021 నాటి ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ ఉంటే, తర్వాత అదే పేరుతో 8 జీబీది వచ్చింది. పేరు మాత్రం చూసి కొనకూడదు.

ఈ జీబీ ఏమిటో నాకు ఆఫీసు భాషలోనే అర్థమైంది. అది గుమాస్తా బల్ల. ఆటలోని బొమ్మలన్నీ ఫైళ్ళు. బల్ల పెద్దదైతే కావలసిన ఫైళ్ళన్నీ చేతికందేలా ఉంటాయి. చిన్నదైతే ప్యూను మాటిమాటికీ రికార్డు రూముకు పరుగెత్తాలి. అప్పుడే ఆట ఆగి ఆగి నడుస్తుంది. మదర్‌బోర్డు పాతదైతే ఆ దారి కూడా ఇరుకు, కాబట్టి చిన్న బల్ల కష్టం మరీ ఎక్కువ.

అలాగని అందరికీ 16 అక్కర్లేదు. ముందు మానిటర్ చూడండి. 1920×1080 చుక్కల తెర ఉండి, పిల్లవాడు ఆడేది వాలొరెంట్ లాంటి తేలికపాటి ఆటలైతే 8 జీబీ చాలు. 2560×1440 తెరలో ముప్పాతిక వంతుకు పైగా చుక్కలు ఎక్కువ, కార్డుకు పనీ ఎక్కువే. మానిటర్ పాత 60 హెర్ట్‌జ్‌దైతే, కార్డు సెకనుకు 120 బొమ్మలు గీసినా తెర మీద కనిపించేవి 60. ఆ మిగతా డబ్బు వృథా.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. 5060 టీఐ ఒక్కటే 180 వాట్లు తీసుకుంటుంది, మొత్తానికి 600 వాట్ల సప్లై ఉండాలని కంపెనీ సూచన. మా ఇంట్లోది 450. దాన్నీ మార్చాను, అంటే మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోయింది. పేరులేని చవక ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొనకండి, అది పోతూ పోతూ కార్డునూ పట్టుకుపోవచ్చు. క్యాబినెట్ లోపల కార్డు పట్టే పొడవుందో లేదో టేపుతో కొలుచుకుని వెళ్ళండి.

పాత కార్డు చవకగా వస్తోందని కొందరు అడిగారు. 2022 సెప్టెంబరు వరకు ఈథీరియం అనే డిజిటల్ నాణెం కోసం ఇలాంటి కార్డులను రాత్రీ పగలూ నడిపారు. ఆ తర్వాత అవి సెకండ్‌హ్యాండ్‌లో గుట్టలుగా వచ్చాయి. బిల్లు లేకపోయినా, అరగంట ఆడించి చూపకపోయినా వద్దనండి.

బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనైనా, ముంబై లామింగ్టన్ రోడ్డులోనైనా జీఎస్‌టీ బిల్లు మీద కార్డు పూర్తి పేరు, జీబీ, సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీకి అదే ఆధారం. బిగించాక మానిటర్ వైరు కార్డుకే తగిలించాలి. మేము మొదటి రోజంతా మదర్‌బోర్డుకు తగిలించి, కార్డు పనిచేయడం లేదని కంగారుపడ్డాం.

మావాడు ఇప్పుడు బొమ్మల నాణ్యత ఒక మెట్టు తగ్గించి ఆడుకుంటున్నాడు. సందేహాలున్నవారు ఆదివారం ఉదయం సంఘం ఆఫీసుకు రండి, మీ కంప్యూటర్ వివరాలు చీటీ మీద రాసుకుని తెండి. వాడూ ఉంటాడు, నాకన్నా బాగా చెబుతాడు.